గాలివానలో పులి: ఒక్క బొమ్మను గంటసేపు చూడటం

(తిరుపతిలో చిత్రకళ విద్యార్థులకు, బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. ఈరోజు మనం ఎంత దూరం నుంచి చూస్తున్నామన్నది ముఖ్యం. ఒక్క బొమ్మే చూడబోతున్నాం, గంటసేపూ అదే. బొమ్మ పేరు ఇప్పుడే చెప్పను. తెలిసినవాళ్లుంటే కాసేపు మనసులోనే ఉంచుకోండి, పక్కవాళ్లకు చెప్పకండి. పేరుతో మనకు చివర్లో పెద్ద పని ఉంది.

మీ చేతికి ఇచ్చినవి ఒకసారి చూసుకోండి. 10 అంగుళాలకు 8 అంగుళాల ప్రింటు ఒకటి, అదే కొలతకు కోసిన ట్రేసింగ్ కాగితం, స్కేలు, మెత్తటి పెన్సిలు, రెండు చిన్న తెల్ల చీటీలు. ప్రింటు ఆ కొలతలోనే ఎందుకంటే, అసలు బొమ్మ వెడల్పు 161.9 సెంటీమీటర్లు, ఎత్తు 129.8. అంటే మన లెక్కలో అయిదడుగుల నాలుగంగుళాలకు నాలుగడుగుల మూడంగుళాలు. వెడల్పును ఎత్తుతో భాగిస్తే దాదాపు 1.25 వస్తుంది. పదికి ఎనిమిది కాగితానిదీ అదే లెక్క. జిరాక్స్ షాపుకెళ్లి ఏ ఫోర్ కాగితం నిండా వేయమంటే పైన ఆకాశమో, కింద గడ్డో తెగిపోతుంది, లేదంటే పులి అడ్డంగా సాగిపోతుంది. ఫోను నిలువు తెర మీద నింపి చూస్తే రెండు పక్కలూ పోతాయి. ఈ బొమ్మలో అంచులు పోతే కథే పోతుంది, ఎందుకో చూద్దాం.

ఇంకో సంగతి. వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చిన బొమ్మలో వాన కనిపించదు. ఫైలు సైజు తగ్గించేటప్పుడు ముందు పోయేవి వెంట్రుకలాంటి సన్న గీతలే, ఇక్కడ వానంతా ఆ గీతల్లోనే ఉంది. అసలు బొమ్మ లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. వాళ్ల సైటులో పెద్దది చేసి చూసుకోవచ్చు, ఇంటికెళ్లాక అక్కడే చూడండి. ఈ తెరను కూడా పూర్తిగా నమ్మకండి. ప్రొజెక్టరు ముదురు ఆకుపచ్చలన్నిటినీ కలిపి ఒకే నలుపుగా చూపిస్తుంది. తెర మీద ఆకారాలు చూడండి, రంగులు మాత్రం చేతిలోని ప్రింటులో చూడండి.

ప్రింటును కంటికి ఒక అడుగు దూరంలో పట్టుకోండి. మీ ప్రింటు అసలు బొమ్మలో ఆరో వంతు కన్నా కాస్త చిన్నది. అడుగు దూరంలో పట్టుకుంటే గ్యాలరీలో అసలు బొమ్మ ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడినంత. ప్రింటులో సెంటీమీటరు గడ్డిపరక అక్కడ ఆరు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. ఈ లెక్క గుర్తుంటే ఇది గోడకు తగిలించిన చిన్న పటం కాదని, మనిషి చేతులు చాపితే పట్టేంత పెద్ద గుడ్డ అని తెలుస్తుంది.

ఇప్పుడు మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. కాగితం వెనక, కనిపించిన వస్తువుల పేర్లు మాత్రం రాయండి. పదిహేను రాయాలి. "భయంకరంగా ఉంది", "అద్భుతం" లాంటివి వద్దు. వాటిని తర్వాత ఎప్పుడైనా రాసుకోవచ్చు.

సరే. చాలామంది ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగిపోయారు. పులి, చెట్లు, గడ్డి, వాన, మెరుపు, ఆకాశం, ఆకులు… అక్కడితో ఆగింది. "ఆకులు" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆగిపోతాం. కత్తుల్లా నిటారుగా లేచినవి వేరు, అవి మన చాగనారను గుర్తుచేస్తాయి. రబ్బరు మొక్క ఆకుల్లా వెడల్పుగా, మందంగా ఉన్నవి వేరు. నేల దగ్గరి సన్నటి గడ్డి వేరు. అక్కడక్కడ ఎర్రమట్టి రంగుకు తిరిగినవి వేరు. ఒక్కోదాన్ని విడిగా రాస్తే పదిహేను ఎప్పుడో దాటిపోయేవి.

ఇప్పుడు లేనివి రాయండి. ఇది ఇంకా ముఖ్యం. నేల లేదు, గడ్డి దాన్ని మొత్తం కప్పేసింది. దూరాన నేలా ఆకాశమూ కలిసే గీత లేదు. ఎండలో పడేలాంటి స్పష్టమైన నీడలు లేవు. పులి దేన్ని చూసి పళ్లు బయటపెట్టిందో అది లేదు. మనిషి లేడు, జింక లేదు. పులి మన కుడిచేతి వైపుకు చూస్తోంది, అది చూస్తున్నదేదో ఆ కుడి అంచు దాటి ఉంది. అంచులు తెగకూడదని మొదట్లో అన్నది ఇందుకే. కుడివైపు రెండంగుళాలు కోసేస్తే ఆ ఎదురుచూపు పోతుంది, పులి గోడను చూస్తున్నట్టు అయిపోతుంది.

గీసిన మనిషి గురించి రెండు మాటలు చాలు. హెన్రీ రూసో, ఫ్రాన్సు దేశస్థుడు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే తత్వవేత్త రూసో వేరు, ఇతను వేరు. 1844లో లవాల్ అనే ఊళ్లో పుట్టాడు, 1910లో పారిస్‌లో పోయాడు. పారిస్ నగరంలోకి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే ఉద్యోగం చేశాడు, మన పాత మాటలో సుంకరి. చిత్రకళ బడిలో చదవలేదు. ఈ బొమ్మ 1891 నాటిది, అప్పటికి అతనికి 46, 47 ఏళ్లు. న్యాయనిర్ణేతలు ఎంపిక చేసే పెద్ద ప్రదర్శనల్లో చోటు దొరక్క, ఎవరైనా బొమ్మ పెట్టుకోగలిగే స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనలో దీన్ని పెట్టాడు. అడవి బొమ్మల్లో ఇదే అతని మొదటిది.

అతను ఫ్రాన్సు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మెక్సికోలో సైన్యంతో ఉన్నాడని ఒక కథ నడిచింది, అది నిజం కాదు. అడవి మొత్తాన్నీ పారిస్‌లోని ఝార్దాఁ దే ప్లాంత్ అనే వృక్షవనంలో చూశాడు. అక్కడ వేడి దేశాల మొక్కలు పెంచే గాజు ఇళ్లున్నాయి, జంతువులున్నాయి, పక్కనే గడ్డి కూరిన జంతువుల ప్రదర్శనశాల 1889లో తెరిచారు. అందుకే ఇక్కడ ఆసియా పులి పక్కన ఎక్కడెక్కడివో కుండీ మొక్కలు చెట్లంత పెద్దవై నిలబడ్డాయి. ఇలాంటి అడవి భూమ్మీద ఎక్కడా లేదు. శేషాచలం ఎక్కినవాళ్లకు ఈ మాట వేరే చెప్పాల్సిన పని లేదు. మన కొండల్లో తిరిగేది చిరుత, ఒంటి నిండా మచ్చలు. చారల పెద్దపులి నల్లమల వైపుది. వాడుకలో రెంటినీ "పులి" అనేస్తాం. బొమ్మ చూసేటప్పుడు మాత్రం అలా కలపకండి, చారలకు ఇక్కడ పని ఉంది.

ఇప్పుడు ట్రేసింగ్ కాగితాన్ని ప్రింటు మీద పెట్టి, నాలుగు మూలలా సరిచూసుకుని పట్టుకోండి. వస్తువుల బయటి గీతలు గీయొద్దు. ప్రతి ఆకుకు, ప్రతి కొమ్మకు, ప్రతి గడ్డిపరకకు అది వాలిన దిక్కు చూపించే ఒక్క పుల్లలాంటి గీత చాలు. నలభై గీతలు గీయండి. పులి వెన్నుకు ఒకటి, తోకకు ఒకటి, ముందుకాళ్లకు ఒకటి. చారల్లో నాలుగైదింటికి. ఆఖర్న వేరే రంగు పెన్సిలుతో వాన గీతలు పది.

గీశాక ప్రింటు తీసేసి ట్రేసింగ్ కాగితాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. పులి కనపడదు, గాలి కనపడుతుంది. గాలిని ఏ చిత్రకారుడూ నేరుగా గీయలేడు, అది తగిలిన వస్తువులు ఎలా వంగాయో గీస్తాడు. ఈ గీతల్లో మూడు గుంపులు తేలతాయి. కొమ్మలూ ఆకులూ గాలికి లొంగి వంగాయి. వాన గీతలు ఏటవాలుగా బొమ్మంతటా ఒకే పట్టున దిగుతున్నాయి. పులి చారలు మాత్రం ఈ రెంటినీ పట్టించుకోకుండా ఒంటి గుండ్రాన్ని చుట్టుకుంటూ పోతున్నాయి. కన్ను పులిని వెంటనే పట్టుకోవడానికి దాని పసుపు రంగు ఒక్కటే కారణం కాదు. అంతటా ఒకవైపు సాగిపోతున్న గీతల మధ్య అదొక్కటే మరోలా తిరిగింది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏమిటంటే, ఆకుల వాలూ వాన వాలూ ఒకటే అనుకుని ఒకే దిక్కులో గీసేస్తారు. స్కేలు పెట్టి కొలవండి. ఆకుకు కాడ ఉంది, చెట్టుకు వేరుంది, అవి గాలిని ఎదిరించి మళ్లీ లేస్తాయి. చినుకును పట్టి ఆపేది ఏదీ లేదు.

వాన దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం. ఈ బొమ్మ సత్తా నాకు కనిపించేది ఇక్కడే. రెండు మిల్లీమీటర్ల చినుకు నేలకు దిగేటప్పుడు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. గాలి కూడా అదే వేగంతో, అంటే గంటకు ఇరవై మూడు, ఇరవై నాలుగు కిలోమీటర్లతో పక్కనుంచి వీస్తే, వాన సరిగ్గా నలభై అయిదు డిగ్రీల వాలులో పడుతుంది. గాలి పెరిగితే వాలు ఇంకా పడుకుంటుంది. పెద్ద చినుకులు వేగంగా దిగుతాయి, అదే గాలికి తక్కువ వాలుతాయి. అందుకే నిజమైన గాలివానలో గీతలన్నీ ఒకే కోణంలో ఉండవు. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నప్పుడు వీధి దీపం కింద చూడండి, ఈ తేడా తెలుస్తుంది.

చినుకు గీతలా ఎందుకు కనిపిస్తుంది? అది గీత కాదు, బిందువు. మన కన్ను అంత వేగంగా కదిలేదాన్ని విడివిడిగా పట్టుకోలేదు, దాని దారినంతా ఒక దారంగా చూస్తుంది. ఫోను కెమెరా షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుని ఉంటే ఆ చినుకు పదకొండు సెంటీమీటర్ల గీతై పడుతుంది. మెరుపు సంగతి వేరు. మెరుపులో ఒక్కో దెబ్బ వెలుగు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంతలో చినుకు ఆరేడు మిల్లీమీటర్లయినా జరగదు. అంటే నిజంగా మెరుపు వెలుగులో చూస్తే వాన గీతలుగా కాదు, గాల్లో ఆగిపోయిన ముత్యాల్లా కనపడాలి.

రూసో బొమ్మలో రెండూ ఉన్నాయి. పులి మెరుపు వెలుగులో శిలలా ఆగింది, వాన మాత్రం గీతలుగా కదులుతూనే ఉంది. ఒకే గుడ్డ మీద రెండు రకాల కాలం. బొమ్మ ముందు నిలబడితే అది ఆగినట్టూ కదులుతున్నట్టూ ఒకేసారి అనిపించడానికి నేను చూపించగల కారణం ఇది. ఆయన ఈ లెక్కలు వేశాడని అనడం లేదు. కంటికి తోచింది పెట్టాడు, అది కుదిరింది.

వానను గీతలుగా గీయడం ఆయనతో మొదలు కాలేదు. జపాను చిత్రకారుడు హిరోషిగే 1857లో వంతెన మీద హఠాత్తుగా కురిసిన వానను సన్నని నల్లటి గీతలతో చెక్క అచ్చులో వేశాడు, దాన్ని వాన్ గో 1887లో పారిస్‌లో నూనె రంగుల్లో మళ్లీ గీశాడు. మన రాజస్థానీ, పహాడీ చిత్రాల్లో వాన తెల్లని చుక్కల దండలుగా, మెరుపు బంగారు పాములా ఉంటుంది. రూసో పని వేరు. అంతా గీసి ముగించిన అడవి మీద, పులి మీద కూడా, పల్చటి వెండి బూడిద రంగు పోగులను ఏటవాలుగా లాగాడు. బొమ్మంతా ఒక సన్నటి తెర వెనక ఉన్నట్టు ఉండేది అందుకే.

ఈ పని నూనె రంగుల్లోనే ఎందుకు తేలికో మన శ్రీకాళహస్తి కలంకారీతో పోలిస్తే బాగా తెలుస్తుంది. కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన కసిమితో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి గుడ్డ మీదే నల్లబడతాయి. ఆ తర్వాత పటిక, రంగులు. ప్రతి రంగూ నూలులోకి దిగుతుంది, పైన పొరగా నిలవదు. నల్లటి గీత మీద తెల్లటి గీత గీద్దామంటే కుదరదు. తెలుపు కావాలంటే గుడ్డ తెలుపునే మొదటి నుంచీ కాపాడుకోవాలి. పులి మీద వాన కావాలంటే ఆ వాన గీతలన్నీ ముందే ఖాళీగా వదిలి, వాటి మధ్య ముక్కలు ముక్కలుగా పులిని నింపాలి. నూనె రంగులో కింది పొర ఆరాక దాని మీద లేత రంగు ఎంతైనా వేయొచ్చు. రూసో వాన ఆఖరి పొర. కలంకారీలో అయితే వాన మొదటి ఆలోచన కావాలి.

పోలిక కూడా ఒకటి ఉంది. ఆకును ఆకు పక్కన పేర్చే తీరు చూడండి. ప్రతి ఆకుకూ స్పష్టమైన అంచు, ఒక పక్క లేత, ఒక పక్క ముదురు, దాని వెనక ఇంకొకటి. వెనకవి మసకబారి చిన్నవైపోవు. దూరపు ఆకూ దగ్గరి ఆకంత పదునుగా ఉంటుంది. కలంకారీ కళ్లతో పెరిగినవాళ్లకు ఇది లోపంలా తోచదు. 1891 నాటి పారిస్‌లో చాలామందికి తోచింది, నవ్వారు. లోతు లేకపోవడం ఇక్కడ పనికొచ్చింది. పారిపోవడానికి వెనక దారి లేదు, మనకూ లేదు, పులికీ లేదు.

ఇప్పుడు నకలు గీయబోయేవాళ్ల కోసం. చూడటం చేతికి ఎక్కాలంటే ఒక్కసారైనా గీయాలి. మొత్తం బొమ్మ వద్దు. కుడి కింది భాగం, ప్రింటులో నాలుగంగుళాల చదరం తీసుకుని రెట్టింపు సైజులో గీయండి.

ముందు ఆకుపచ్చలు. ట్యూబులో దొరికే ఆకుపచ్చ ఒక్కటే వాడితే అడవి ప్లాస్టిక్ తీగల్లా ఉంటుంది. నిమ్మ పసుపు, ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం, నలుపు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు, తెలుపు చాలు. ప్రష్యన్ బ్లూ బలమైన రంగు. పసుపు ఎక్కువ తీసుకుని అందులో ఇది రవ్వంతతో మొదలుపెట్టండి, చిలకపచ్చ వస్తుంది. నీలం కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే అరటాకు పచ్చ, ఆపైన ముదురు పచ్చ. నీలంలో పసుపు కలపబోతే పసుపు ట్యూబు అయిపోతుంది గానీ రంగు మారదు, ఎప్పుడూ పసుపులో నీలం కలపాలి. పసుపులో నలుపు కలిపితే పాచి రంగు వస్తుంది, నీలం లేకుండానే. మెరుస్తున్న పచ్చను అణచాలంటే సియెన్నా చుక్క. ఇలా తొమ్మిది గళ్లు నింపి, లేత నుంచి ముదురుకు వరసగా ఆరబెట్టి, ఫోనులో నలుపు-తెలుపు ఫొటో తీయండి. అందులో రెండు గళ్లు ఒకేలా కనపడితే వాటిని పక్కపక్కనే వాడకండి, అంచు మాయమవుతుంది. రూసో ఆకులు అంత గుంపులోనూ విడివిడిగా తెలియడానికి ఆధారం ఈ ముదురు-లేతల తేడా. రంగు తేడా ఆ తర్వాతే.

వాన గీతలకు సున్నా నంబరు లైనర్ కుంచె, పొడుగు వెంట్రుకలది. రంగు పల్చటి మజ్జిగలా జారాలి. చిక్కగా ఉంటే గీత మధ్యలో తెగుతుంది, మరీ నీళ్లయితే ముత్యాల్లా విడిపోతుంది. చేతిని మణికట్టు దగ్గర తిప్పితే గీత వంకర అవుతుంది, భుజం నుంచి లాగాలి. అందుకే నిలబడి గీయండి. కింది పొర పూర్తిగా ఆరాలి. అక్రిలిక్ అయితే అరగంట, నూనె రంగయితే వానాకాలంలో వారం పది రోజులకు తక్కువ కాదు. ఆరకుండా లాగితే లేత గీత కింది పచ్చను ఈడ్చుకుపోయి బురద అవుతుంది. పోస్టర్ కలరు ఎంత ఆరినా తడి తగిలితే లేచి వస్తుంది, దానితో ఈ పని కాదు.

రెండు తప్పులు నూటికి తొంభై మంది చేస్తారు. ఒకటి, స్కేలు పెట్టి సమాన దూరంలో గీయడం. అది వాన కాదు, దువ్వెన. పొడుగూ పొట్టీ కలపండి, కొన్ని చోట్ల వదిలేయండి. రెండోది, వాన మొత్తం తెల్ల రంగుతో గీసేయడం. తెలుపంతా అక్కడ ఖర్చయితే మెరుపుకీ పళ్లకీ ఏం మిగులుతుంది? వానకు మూడు బూడిద రంగులు కలుపుకోండి. అచ్చమైన తెలుపును దాచుకుని చివర్లో రెండు మూడు చోట్ల పెట్టండి.

ఇప్పుడు పులి. తెల్ల చీటీలు తీయండి. ఒక చీటీతో పులి ముఖం మూసేసి ఒళ్లు మాత్రం చూడండి. వీపు విల్లులా వంగి ఉంది. పాదాలు గడ్డిలో దాగాయి, బరువు ఎక్కడ ఆనిందో తెలియదు. ఒళ్లు గడ్డి మీద తేలుతున్నట్టు ఉంటుంది. శరీర నిర్మాణం తెలిసినవాళ్లు దీన్ని తప్పంటారు, తప్పే. కాళ్ల దగ్గర చిక్కొస్తే గడ్డి వేసి కప్పడం కొత్తగా గీసేవాళ్లందరూ చేసేదే. కానీ ఆనిక లేని ఆ ఒళ్లే పులిని మరుక్షణం ఎటైనా దూకగలదన్నట్టు చేసింది.

చీటీ మార్చండి. ఒళ్లు మూసి ముఖం చూడండి. గుండ్రంగా విచ్చుకున్న కళ్లు, బయటపడ్డ పళ్లు. ఒళ్లు మూసేస్తే ఈ ముఖంలో మీకు కనిపించేది కోపమా, బెదురా? చేతులెత్తండి. సగం సగం ఉన్నారు. బాగుంది.

మన ఎస్వీ జూపార్కుకు, 1987 నుంచి ఉంది కదా, ఈసారి వెళ్లినప్పుడు పులి ఎన్‌క్లోజరు దగ్గర అరగంట ఆగి చూడండి. కంటిపాప గుండ్రంగా ఉంటుంది, ఇంటి పిల్లికిలా నిలువు చీలిక కాదు. చెవుల వెనక తెల్లటి మచ్చ ఉంటుంది, పులి చెవులు వెనక్కి తిప్పినప్పుడు ఎదుటివాళ్లకు అది కనిపిస్తుంది. చారలు ఒక్కో పులికి ఒక్కోలా ఉంటాయి, ఒకే పులికి కుడి ఎడమ పక్కలు కూడా కలవవు. ఇక వేటాడే పులి నోరు మూసుకుంటుంది. తల దించి, వీపు సమంగా ఉంచి, భుజాల ఎముకలు మాత్రం పైకి లేచేలా పొట్ట నేలకానించి వస్తుంది. పళ్లు చూపించదు, చప్పుడు చేయదు. పళ్లు బయటపెట్టి వీపు వంచేది బెదిరినప్పుడు, బెదిరించేటప్పుడు. ఇంట్లో పిల్లి కుక్కను చూసి చేసేది ఇదే.

అయితే ఇది వేటా, బెదురా? ఇప్పుడు పేరు చెప్తాను. 1891 ప్రదర్శనలో ఈ బొమ్మకు రూసో పెట్టిన పేరు ఒక్కటే మాట: "సుర్‌ప్రీ!" ఆశ్చర్యార్థకంతో సహా. ఉలిక్కిపడ్డ, హఠాత్తుగా చిక్కిన, అని అర్థం. ఎవరు? ఫ్రెంచిలో ఆ రూపం పుంలింగం. పులి అన్న మాట కూడా ఫ్రెంచిలో పుంలింగమే. ఒక మగమనిషికైనా అదే రూపం. ఇంకా విశేషం, ఈ మాటకు ఏకవచనమూ బహువచనమూ ఒకేలా రాస్తారు. కాబట్టి పులైనా, ఒక మనిషైనా, పదిమంది మనుషులైనా ఆ పేరు సరిపోతుంది.

తెలుగులో పెట్టి చూడండి. "ఉలిక్కిపడింది" అంటే పులి. "ఉలిక్కిపడ్డాడు" అంటే అంచు అవతలి మనిషి. "ఉలిక్కిపడ్డారు" అంటే ఒక గుంపు. మన క్రియకు తోక ఉంది, అది ఎవరో చెప్పకుండా ఊరుకోదు. రూసో తెరిచి ఉంచిన తలుపును మన వ్యాకరణం మూసేస్తుంది. తర్వాతి రోజుల్లో రూసో ఈ పులి అన్వేషకుల గుంపు మీదికి దూకబోతోందని చెప్పాడు. అంటే "ఉలిక్కిపడ్డారు". 1891లో దీన్ని గట్టిగా మెచ్చుకున్న చిత్రకారుడు ఫెలిక్స్ వాలటాన్ కూడా, పులి తన ఎరను ఉలిక్కిపడేలా చేస్తోందనే రాశాడు. చిత్రకళకు ఆదీ అంతమూ ఇదే అన్నంత మాట అన్నాడు. ఈ బొమ్మకు తర్వాత వాడుకలోకి వచ్చిన పొడుగు పేరులో ఉష్ణమండలపు తుఫాను, పులి కూడా చేరాయి. అది ఏం చూడాలో ముందే చెప్పేస్తుంది.

గీసినవాడు చెప్పిందే సరైనదని ఊరుకోవచ్చు. కానీ మనం ఇంతసేపు చూసిన ఆధారాలు బొమ్మలో అలాగే ఉన్నాయి. ముందుకు వాలిన ఒళ్లు, అంచు దాటిన చూపు వేటను చెబుతున్నాయి. వంగిన వీపు, పళ్లు, విచ్చుకున్న కళ్లు బెదురును చెబుతున్నాయి. ఆ రెంటి మధ్యా ఆకాశంలో మెరుపు ఉంది. నా తీర్పు అడిగితే, పులి వేటకే బయల్దేరింది, సరిగ్గా అప్పుడు మెరిసింది. ఉలికిపాటు అంచుకు రెండు వైపులా ఉంది. తెలుగులో పేరు పెట్టాల్సొస్తే "ఉలికిపాటు!" అనే పెడతాను. నామవాచకానికి ఎవరిదో చెప్పాల్సిన బాధ్యత లేదు. క్రియలోని ఆ అదురు కొంత పోతుంది, నిజమే. ఇంతకన్నా మంచి మాట తట్టినవాళ్లు ప్రింటు వెనక రాసి ఇవ్వండి.

ఇప్పుడు ఈ హాలు లైట్లు ఆర్పేసి తెర ఒక్కటే ఉంచుతాం. మీ పదిహేను పేర్ల జాబితా తీయండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, గడ్డిని పరక పరకగా చూసుకుంటూ పైకి రండి. పులి దగ్గరికి ఆఖర్న వెళ్లండి.